తలుపు తనను తాను తెరుచుకుంటుందా?

ప్రశ్న: నమస్తే అండీ. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ ఏడాదిన్నరగా స్పానిష్ నేర్చుకుంటున్నాను. నాలుగు నెలల్లో బీ1 (మధ్యస్థాయి) పరీక్ష రాయాలి. మిగతావన్నీ ఎలాగోలా గట్టెక్కుతున్నాను గానీ ‘సె’ అనే చిన్న మాట దగ్గర ఆగిపోతున్నాను. మా పుస్తకంలో దీన్ని రిఫ్లెక్సివ్ అన్నారు, ‘తనను తాను’ అని అర్థం చెప్పుకోవాలన్నారు. ‘మె లాబో’ (‘నేను’తో సె ‘మె’ అవుతుంది) అంటే నన్ను నేను కడుక్కుంటాను, సరే. కానీ ‘లా ప్వెర్తా సె అబ్రియో’ అంటే తలుపు తనను తాను తెరిచిందా? ఇంటి ముందు ‘సె బెందె’ అని బోర్డు ఉంటే ఆ ఇల్లు తనను తాను అమ్ముకుంటోందా? ‘ఈర్’ అన్నా వెళ్ళడమే, ‘ఈర్సె’ అన్నా వెళ్ళడమేనట. క్లాసులో అడిగితే ఇవి కంఠస్థం చేయాల్సినవి అన్నారు. సె వచ్చే క్రియల జాబితా ఒకటి రాసి గోడకు అంటించుకున్నాను. దాన్ని చూస్తే టెన్షన్ తప్ప ఇంకేమీ రావడం లేదు. ఫ్రెంచ్ చదువుతున్న నా ఫ్రెండ్ తనకూ ఇదే గొడవ అంటోంది. దీనికో దారి ఉందా, బట్టీయే గతా?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: ముందు ఆ జాబితాను గోడ మీంచి తీసేయండి. తీసేసి మీ ఉత్తరాన్నే ఇంకోసారి చదవండి. ఉద్యోగం చేసుకుంటూ, నేర్చుకుంటున్నాను, అర్థం చెప్పుకోవాలి, కడుక్కుంటాను, అంటించుకున్నాను. నాలుగు మాటలు రాసేలోపే ‘కొను’ ఎన్నిసార్లు వాడారో చూశారా? వీటిలో ‘తనను తాను’ అనే అర్థం అతికేది ఎక్కడ? కడుక్కోవడం దగ్గర, అంతే. మీరు గోడకు అంటించింది జాబితాను, మిమ్మల్ని కాదు. అయినా ఆ ‘కొను’ తీసేస్తే మాట మారిపోతుంది. ‘జాబితా గోడకు అంటించాను’ అంటే అది ఆఫీసు గోడ కావచ్చు, ఎవరి కోసమైనా కావచ్చు. ‘అంటించుకున్నాను’ అనగానే గది మీది, అవసరం మీది, రోజూ చూసి దిగులుపడేది మీరు. ఇంత సంగతి ఆ చిన్న ముక్క చెబుతోంది. దాన్ని మీకు ఏ క్లాసులోనూ ఎవరూ నేర్పలేదు.

స్పానిష్ వాళ్ళకు ‘సె’ అలాంటిదే. మీ అవస్థకు కారణం మీ జ్ఞాపకశక్తి కాదు, మీరు వెళ్తున్న దారి. మన దగ్గర స్పానిష్ పుస్తకాలన్నీ ఇంగ్లిష్ మీదుగా వస్తాయి. ఇంగ్లిష్‌లో మనిషి తలుపు తెరిచినా ‘ఓపెన్డ్’, తలుపు తెరుచుకున్నా ‘ఓపెన్డ్’. వాళ్ళకు ఆ తేడా చూపే గుర్తు లేదు. ఉన్నదల్లా బరువైన ‘సెల్ఫ్’. అందుకని పుస్తకం రాసేవారు సె అంతటికీ ఆ సెల్ఫ్‌నే తగిలిస్తారు, అది అతకని చోట ‘మినహాయింపు’ అంటారు. మినహాయింపులు నియమం కంటే ఎక్కువైతే తప్పు నియమంలోనే ఉందన్నమాట. తెలుగు మీదుగా వెళ్ళి చూడండి. ‘అబ్రియో లా ప్వెర్తా’ అంటే తలుపు తెరిచాడు. ‘లా ప్వెర్తా సె అబ్రియో’ అంటే తలుపు తెరుచుకుంది. తెలుగులో తలుపు తనను తాను తెరుచుకుందా అని మీరు ఎన్నడైనా సందేహించారా?

ఇప్పుడు అసలు సంగతి. భాష ఏ పని కోసం ఏ రూపాన్ని వాడుకుంటోంది అని అడిగే ఫంక్షనల్ లింగ్విస్టిక్స్ వాళ్ళు ఈ సె మీద చాలాకాలంగా ఆలోచిస్తున్నారు. సకర్మకం, అకర్మకం అని మనం బళ్ళో రెండు గదులుగా నేర్చుకున్నాం కదా. 1980లో పాల్ హాపర్, సాండ్రా థాంప్సన్ అనే ఇద్దరు అది రెండు గదుల వ్యవహారం కాదు, మెట్ల వరుస అని చూపించారు. ‘వాడు కుండ పగలగొట్టాడు’ పై మెట్టు. చేసేవాడు ఒకడు, ప్రభావం పడేది ఇంకొకదాని మీద, పని పూర్తయింది, ఫలితం కళ్ళ ముందుంది. ‘వాడు నిద్రపోయాడు’ కింది మెట్టు. మధ్యలో బోలెడు మెట్లున్నాయి, సె తిరుగాడేది అక్కడే. 1993లో సుజాన్ కెమ్మర్ దీన్ని ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్ళారు. ఒక సంఘటనలో పని చేసేవారినీ, పని ప్రభావం పడేవారినీ మనం మనసులో ఎంతగా విడదీసి చూస్తున్నాం అన్నదే ఆమె ప్రశ్న. పూర్తిగా విడదీస్తే సకర్మకం. విడదీయడానికి ఏమీ లేకపోతే అకర్మకం. విడదీయొచ్చు గానీ విడదీయనక్కర్లేని సంఘటనలు మధ్యలో ఉంటాయి. లోకంలో చాలా భాషలు వాటికోసం ఒక గుర్తు పెట్టుకున్నాయి.

నేను దీన్ని నీళ్ళతో పోల్చి చెబుతుంటాను. బిందెలోంచి చెంబులోకి నీళ్ళు ఒంపితే రెండు పాత్రలు కావాలి. అదే బిందెను కుదిపితే నీళ్ళు కదులుతాయి గానీ బయటికి పోవు. సె ఉన్న వాక్యంలో పని ఆ బిందెలోనే కదులుతుంది.

స్నానం దగ్గర మొదలుపెడదాం, పుస్తకాలన్నీ అక్కడే మొదలుపెడతాయి కాబట్టి. ‘మె లాబో లాస్ మానోస్’ అంటే చేతులు కడుక్కుంటాను. ఇంగ్లిష్‌లో ‘నా చేతులు’ అనాలి. స్పానిష్‌లో ‘నా’ అక్కర్లేదు, సె కుటుంబంలోని ‘మె’ చాలు. తెలుగులోనూ ‘నా చేతులు కడిగాను’ అంటే వినేవాళ్ళు వింతగా చూస్తారు. కడుక్కున్నాను అంటే ఎవరి చేతులో చెప్పనక్కర్లేదు. జుట్టు దగ్గర ఇది ఇంకా బాగా తెలుస్తుంది. ‘మె కోర్తే ఎల్ పేలో’ అంటే జుట్టు కత్తిరించుకున్నాను. కత్తెర పట్టింది సెలూన్‌లో ఇంకొకరైనా స్పానిష్ వాళ్ళు అలాగే అంటారు. ఇక్కడ ‘తనను తాను’ అని అనువదిస్తే అబద్ధమే అవుతుంది. సె చెబుతున్నది కత్తెర ఎవరి చేతిలో ఉందన్నది కాదు, పని ఎవరి తల మీద జరిగిందన్నది.

మరి నిజంగా ‘తనను తాను’ అని చెప్పాలంటే? అప్పుడు స్పానిష్ కూడా బరువైన మాటను పక్కన పెట్టుకుంటుంది. ‘సె బియో ఆ సీ మీస్మో’ అంటే తనను తాను చూసుకున్నాడు. మనమూ అంతే. తల దువ్వుకున్నాడు అంటాం, తనను తాను పొగుడుకున్నాడు అంటాం. దువ్వుకోవడానికి ‘తనను తాను’ ఎందుకు వద్దు, పొగుడుకోవడానికి ఎందుకు కావాలి? జనం రోజూ ఎవరి తల వాళ్ళే దువ్వుకుంటారు. అది అందరూ ఎదురుచూసేదే కాబట్టి తేలిక గుర్తు చాలు. పొగడ్త మామూలుగా ఇంకొకరి వైపు వెళ్తుంది. అది వెనక్కి తిరిగి తన మీదికే వచ్చిందంటే గట్టిగా చెప్పాలి. ఎక్కువగా జరిగేదానికి తక్కువ మాట, అరుదుగా జరిగేదానికి ఎక్కువ మాట. ఇది స్పానిష్ నియమమో తెలుగు నియమమో కాదు, మాట్లాడే మనుషులందరి పొదుపు.

ఇక్కడ సంస్కృతం గుర్తు రాకుండా ఉండదు. పాణిని ఆత్మనేపదం, పరస్మైపదం అని పేర్లు పెట్టి చెప్పింది ఈ ఇంటి విషయమే. వండినదాని ఫలం వండినవాడిదే అయితే ‘పచతే’, ఇంకొకరి కోసమైతే ‘పచతి’. వాడుకలో ఆ తేడా తర్వాత పలచబడింది గానీ తెలుగులో ఇవాళ్టికీ బతికే ఉంది. ఒక కుర్రాడు హాస్టల్ గదిలో అన్నం వండుకున్నాడు, పెళ్ళిలో వంటవాడు అన్నం వండాడు. వీటిని తారుమారు చేసి చూడండి, చెవికి ఎలా గుచ్చుకుంటుందో. అమ్మ చీర కట్టుకుంది, పెళ్ళికూతురికి చీర కట్టింది. ఈ చెవి మీకు పుట్టుకతో వచ్చింది, స్పానిష్ క్లాసుకు వెళ్ళేటప్పుడు దాన్ని బయట వదిలి వెళ్తున్నారు.

స్పానిష్‌కు తల్లి అయిన లాటిన్‌లో కథ ఎలా మొదలైందో కొంచెం చెబితే మిగతాది సులువవుతుంది. లాటిన్ ‘సే’ నిజంగానే ‘తనను’ అనే సర్వనామం. కానీ కడుక్కోవడం, తెరుచుకోవడం లాంటివాటికి లాటిన్ దగ్గర ఇంకో సాధనం ఉండేది, క్రియ చివర వచ్చే ‘ర్’. లవాతుర్ అంటే కడుక్కుంటున్నాడు, కడగబడుతున్నాడు అని రెండూ. అపెరీతుర్ అంటే తెరుచుకుంటోంది, తెరవబడుతోంది. జనం మాట్లాడే లాటిన్‌లో కాలక్రమాన ఆ ‘ర్’ అరిగిపోయింది. పాత పనివాడు పోయినా పని ఆగదు కదా. పక్కనే ఉన్న సే ఆ పనులను ఒక్కొక్కటిగా తన మీద వేసుకుంది. లాటిన్ చివరి దశకు చెందిన పల్లాడియస్ అనే వ్యవసాయ రచయిత, గుండ్రటి ఆపిల్ పళ్ళు ఏడాదంతా నిలవుంటాయని చెప్పడానికి ‘సెర్వారె సే’ అని రాశాడు. అక్షరాలా చూస్తే పళ్ళు తమను తాము దాచుకుంటాయని. ఆపిల్ పండుకు ‘తాను’ ఏమిటి? ఆ వాక్యం నాటికే సే సర్వనామం పని వదిలి మన కొను చేసే పనిలోకి దిగిందన్నమాట. మీరు ఇంటి బోర్డు చూసి అడిగిన ప్రశ్నను ఆ పళ్ళ దగ్గరే అడిగి ఉండొచ్చు.

ఇందులో నన్ను అన్నిటికంటే ఎక్కువగా కదిలించేది ఒకటుంది. లాటిన్ సే ‘తాను’ నుంచి వచ్చింది. మన కొను ‘తీసుకొను’ అనే అర్థం ఉన్న క్రియ, బజారులో కూరగాయలు కొంటాం చూడండి, అదే. పుట్టిన ఊళ్ళు వేరు, దారులు వేరు, చేరింది ఒకే వీధి. మనుషులకు ఆ వీధి అవసరం కాబట్టే ఇద్దరూ అక్కడ కలిశారు.

శరీరపు కదలికలకు వస్తే పడుకోవడం ‘అకొస్తార్సె’, మేలుకోవడం ‘దెస్పెర్తార్సె’. మనసు పనులకు వస్తే గుర్తు తెచ్చుకోవడం ‘అకొర్దార్సె’, విషయం తెలుసుకోవడం ‘ఎంతెరార్సె’. పోట్లాటకు వస్తే ‘సె పెగారోన్’ అంటే కొట్టుకున్నారు. ఒకరినొకరా, ఎవరి తల వాళ్ళా అని అనుమానం వస్తుందంటారా? కొట్టుకున్నారు అన్నదాంట్లోనూ ఆ అనుమానం ఉంది, సందర్భం తీరుస్తుంది. అర్రెపెంతీర్సె (పశ్చాత్తాపపడటం), కెహార్సె (ఫిర్యాదు చేయడం) లాంటి కొన్ని క్రియలు సె లేకుండా అసలు బతకవు. అదెందుకని తల పట్టుకోకండి. మేలుకో, కోలుకో, ఊరుకో అనే మాటల్లోంచి కొను తీసేస్తే మన వాడుకలో ఏం మిగులుతుంది? ఇవి మొత్తం సంఘటన మనిషి లోపలే జరిగే క్రియలు, గుర్తు వాటికి అతుక్కుపోయింది.

ఇక ‘ఈర్’, ‘ఈర్సె’. ఇక్కడ కొను మీకు సాయపడదు, దాని చెల్లెళ్ళు సాయపడతాయి. ‘బోయ్ ఆ కాసా’ అంటే ఇంటికి వెళ్తున్నాను, చేరే చోటు ముఖ్యం. ‘మె బోయ్’ అంటే వెళ్ళిపోతున్నాను, వదిలే చోటు ముఖ్యం. ఆ ‘పో’ చూశారా? ‘దుర్మియో ఓచో ఓరాస్’ అంటే ఎనిమిది గంటలు నిద్రపోయాడు. ‘సె దుర్మియో’ అంటే నిద్రలోకి జారిపోయాడు, మెలకువ నుంచి నిద్రకు దాటిన ఆ క్షణం. తినడంలో ఇంకో చెల్లెలు కనిపిస్తుంది. ‘కొమీ పీత్సా’ అంటే పిజ్జా తిన్నాను. ‘మె కొమీ లా పీత్సా’ అంటే పిజ్జా తినేశాను (తిని వేశాను), పెట్టెలో ముక్క మిగల్లేదు. అందుకే ఈ రెండో రకానికి ఎంత తిన్నారో తెలిసే కర్మ ఉండాలి. ‘ఆ పిజ్జా’, ‘రెండు దోశెలు’ అనాలి, ఊరికే ‘పిజ్జా’ అంటే కుదరదు. పరీక్షలో మార్కులు పోయేది ఇక్కడ. తెలుగు ఇలాంటి పనులను కొను, పో, వేయు అని ముగ్గురికి పంచింది. స్పానిష్ అన్నిటినీ సె నెత్తిన పెట్టింది. మీ జాబితాలో గందరగోళంగా కనిపించే క్రియల్లో చాలావాటిని ఈ మూడు గంపల్లో వేసి చూడండి, మనసు కుదుటపడుతుంది.

ఒక చిన్న అనుభవం చెబుతాను. చదువుకునే రోజుల్లో కొన్ని నెలలు స్పెయిన్‌లోని సలమాంకాలో ఒక పెద్దావిడ ఇంట్లో అద్దెకున్నాను. ఒక పొద్దున సింకు దగ్గర కప్పు కడుగుతుంటే సబ్బు నురగకు చేతిలోంచి జారి రెండు ముక్కలైంది. ఆవిడ వచ్చేలోపు వాక్యం కూడబలుక్కుని ‘ఏ రోతో లా తాసా’ అన్నాను. నేను కప్పు పగలగొట్టాను అని, నిజాయితీగా. ఆవిడ కప్పు వైపు చూడలేదు, నా మొహం వైపు చూసింది, ఏమైంది, కోపమొచ్చిందా అంది. తర్వాత నేల మీది ముక్కలు, నా తడిచేతులు చూసి, ‘ఆఁ, సె తె ఆ కయీదో’ అంది. జారిపడిందా నీకు, అని. ఆ ‘తె’ అంటే ‘నీకు’. నేను చెప్పిన వాక్యంలో వ్యాకరణం తప్పు లేదు, నన్ను కర్తగా నిలబెట్టడమే తప్పు. నేను పై మెట్టు వాక్యం ఎక్కించాను, జరిగింది కింది మెట్టు సంఘటన.

ఈ ‘సె మె కయో’ (నా చేతిలోంచి జారిపడింది), ‘సె మె ఓల్బిదో’ రకం వాక్యాలను కొందరు స్పానిష్ వాళ్ళ తప్పించుకునే గుణానికి గుర్తుగా చెబుతారు. ఆ మాట నాకు అస్సలు నచ్చదు. ‘సె మె ఓల్బిదో’ అంటే నాకు గుర్తుకు రాలేదు. మనం ‘నాకు ఆకలేసింది’, ‘నాకు నిద్రొస్తోంది’, ‘నాకు గుర్తు రాలేదు’ అంటాం. అది తప్పించుకోవడమా? మన చేతుల్లో లేని సంగతి మన మీదికి వచ్చినప్పుడు మనల్ని ‘నేను’గా కాక ‘నాకు’గా చెప్పుకోవడం ఉన్నదున్నట్టు చెప్పడమే. ఈ విషయంలో స్పానిష్ వాక్యం మీకు ఇంగ్లిష్ వాక్యం కంటే దగ్గరి చుట్టం.

బోర్డుల దగ్గర మాత్రం మన కొను ఆగిపోతుంది, సె ఇంకా నడుస్తుంది. ‘సె బెందె’ (అమ్ముతారు), ‘సె అల్కీలా’ (అద్దెకు ఇస్తారు), ‘సె ఆబ్లా ఎస్పాన్యోల్’ (స్పానిష్ మాట్లాడతారు). ఇక్కడ చేసేవారు ఉన్నారు గానీ ఎవరైతేనేం అని పక్కన పెట్టారు. తలుపు గాలికి తెరుచుకున్నప్పుడు చేసినవారు కనబడరు. ఇల్లు అమ్మేటప్పుడు ఉంటారు, చెప్పనక్కర్లేదు. ఒకదాని నుంచి ఇంకోదానికి ఒక్క అడుగే దూరం, సె ఆ అడుగు వేసేసింది. మనం ఈ పనికి రకరకాల ఉపాయాలు వాడతాం. బోర్డు మీద ‘ఇల్లు అద్దెకు ఇవ్వబడును’ అని రాస్తాం, నోటితో ఎవరూ అలా అనరు. మాటల్లో ‘ఇక్కడ స్పానిష్ మాట్లాడతారు’ అంటాం, ఆ ‘వాళ్ళు’ ఎవరో చెప్పకుండానే. ‘సె బీబె బ్యెన్ అకీ’ అంటే ఇక్కడ హాయిగా బతకొచ్చు. స్పెయిన్‌లో తలుపు తట్టి ‘సె ప్వెదె?’ అంటారు, రావచ్చా అని. పిల్లవాడు అన్నం కింద పోస్తే ‘ఎసో నో సె ఆసె’ అంటారు, అలా చేయకూడదు అని. వచ్చు, కూడదు అనే మన మాటల్లో కర్త లేకపోవడం గమనించండి. కాబట్టి బోర్డు సె కనిపిస్తే కొను వెతక్కండి. ‘-తారు’, ‘-వచ్చు’, ‘-కూడదు’ వేసి చూడండి.

పరీక్షకు పనికొచ్చే ముక్క ఒకటి. ‘సె బెందె ఊన్ పీసో’ (ఒక ఫ్లాట్ అమ్ముతారు), కానీ ‘సె బెందెన్ పీసోస్’ (ఫ్లాట్లు అమ్ముతారు). అమ్మేవి ఎక్కువైతే క్రియా బహువచనమే. మనుషుల ముందు స్పానిష్ ‘ఆ’ (మన ‘-ని’ లాంటిది) వస్తే మాత్రం, ‘సె బూస్కా ఆ లోస్ తెస్తీగోస్’ (సాక్షుల కోసం వెతుకుతున్నారు), క్రియ ఏకవచనంలోనే ఉండిపోతుంది. సాక్షులు వెతికేవాళ్ళు కాదు, వెతకబడేవాళ్ళు అని ఆ ‘ఆ’ తేల్చేస్తుంది, ఇక వాళ్ళతో క్రియకు పొత్తు ఉండదు.

మీ ఫ్రెండ్‌కు చెప్పండి, ఫ్రెంచ్ ‘స’ కూడా ఇదే కుటుంబం. అయితే అది బోర్డుల దాకా రాదు. ‘స లివ్ర్ స వాఁ బ్యాఁ’ (ఈ పుస్తకం బాగా అమ్ముడుపోతోంది) వరకు వచ్చి, ‘ఇక్కడ ఫ్రెంచ్ మాట్లాడతారు’ అనడానికి పగ్గాలు ‘ఓఁ’ చేతికి ఇచ్చేస్తుంది. ఆ ‘ఓఁ’ లాటిన్‌లో మనిషి అనే అర్థమున్న ‘హొమో’ నుంచి వచ్చింది. ఇటాలియన్ ‘సి’ అలా కాదు, చివరిదాకా వెళ్ళింది. ఇటలీలోని టస్కనీలో ‘నోయ్ సి వా’ అంటే ఏకంగా ‘మనం వెళ్తున్నాం’. రుమేనియన్ వాళ్ళు ఒక పాత తేడాను దాచుకున్నారు. తనను అనడానికి ‘సె’, తనకు అనడానికి ‘ఇషి’. ఒళ్ళు కడుక్కుంటే సె, చేతులు కడుక్కుంటే ఇషి. బ్రెజిల్‌లో పోర్చుగీసు మాట్లాడే చాలామంది ‘తలుపు తెరుచుకుంది’ అనడానికి అసలు సె లేకుండానే ‘ఆ పోర్తా అబ్రియు’ అంటారు. అన్నీ ఒకే రైలు ఎక్కినా దిగిన స్టేషన్లు వేరు. అందుకని ఒక భాషలో నేర్చింది ఇంకోదానిలో కళ్ళు మూసుకుని వాడొద్దని తనకు గట్టిగా చెప్పండి.

ఆ హెచ్చరిక మీకూ వర్తిస్తుంది. కొను దిక్సూచే గానీ పటం కాదు. ‘గ్లాసు పగిలింది’లో కొను లేదు, ‘ఎల్ బాసో సె రొంపియో’లో సె ఉంది. ఎందుకంటే మనకు పగులు–పగలగొట్టు, తెగు–తెంచు, విరుగు–విరుచు అని ముందే జంటలున్నాయి, వేరే గుర్తు అక్కర్లేదు. ‘స్నానం చేశాను’లో కొను లేదు, ‘మె బాన్యే’లో సె కుటుంబం ఉంది. స్నానమంటేనే మనకు సొంత ఒంటిది. బిడ్డకైతే ‘చేయించింది’ అని మనం అక్కడ గుర్తు పెడతాం, వాళ్ళు ఇక్కడ పెడతారు. అటునుంచి చూస్తే, నేర్చుకోవడం ‘అప్రెందెర్’, అనుకోవడం ‘పెన్సార్’, వీటికి మామూలుగా సె వద్దు. ఇలాంటివి ఒక యాభై దాకా మీరు నిజంగా గుర్తుపెట్టుకోవాల్సి ఉంటుంది. కానీ ఇప్పుడు గుర్తుపెట్టుకునేది తేడాలను మాత్రమే, మొత్తం భాషను కాదు.

చేయాల్సిన పని చెబుతాను. ఒక నోట్‌బుక్ తీసుకుని పేజీకి ఒకే క్రియ రాయండి. పైన సె లేని వాక్యం, కింద సె ఉన్న వాక్యం, రెండింటికీ ఎదురుగా మీరు ఇంట్లో మాట్లాడే తెలుగులో అర్థం. పుస్తకం తెలుగు వద్దు, అమ్మతో మాట్లాడే తెలుగు. ఆ కింది వాక్యంలో కొను వచ్చిందా, పో వచ్చిందా, వేయు వచ్చిందా, కర్త మాయమైందా అని అండర్‌లైన్ చేయండి. ఏదీ రాకపోతే పేజీ మూల మడవండి. రోజుకు మూడు పేజీలు చాలు. పరీక్షకు వారం ముందు మడిచిన పేజీలు మాత్రమే తిరగేయండి.

చివరగా ఒక సె గురించి. ‘సె లో ది’ (అది అతనికి ఇచ్చాను) అనే వాక్యం మీకు ఈపాటికి ఎదురై ఉంటుంది. అందులోని సె కోసం కొను, పో, వేయు ఏదీ వెతకకండి. అది ఈ ఇంటి మనిషి కాదు. అతనికి అనే ‘లె’, అది అనే ‘లో’ పక్కపక్కన వస్తే వాడాల్సిన రూపం పాత స్పానిష్‌లో ‘జె లో’ అని ఉండేది, లాటిన్ ‘ఇల్లీ’ నుంచి వచ్చింది. పలుకుబడి మారుతూ 16వ శతాబ్దానికల్లా ‘సె లో’గా స్థిరపడి, వేషంలో మన సెతో కలిసిపోయింది. గుర్తుపట్టడం తేలిక. సె వెంటనే లో, లా, లోస్, లాస్ వచ్చి, ఇవ్వడం, చెప్పడం, పంపడం లాంటి క్రియ ఉండి, ‘ఎవరికి?’ అని అడిగితే వేరే మనిషి జవాబుగా వస్తే అది ఇదే. నోట్‌బుక్‌లో దీనికి వేరే రంగు పెన్ను వాడండి.